400 చదరపు మీటర్ల కుంట: చేప కిలోల్లో జమాఖర్చు

ఇది మా అక్కావాళ్ళ కుంట లెక్క. బావ రోజుకూలి. అక్క రెండు గేదెలు చూసుకుంటూ పని దొరికినప్పుడు తనూ కూలికి వెళ్తుంది. పొలం మూలన ఎప్పటినుంచో ఉన్న కుంట ఇది. కొలిస్తే 20 × 20 మీటర్లు వచ్చింది, అంటే దాదాపు పది సెంట్లు. నిండితే మధ్యలో మీటరున్నర లోతు. మేత పుస్తకం, జమాఖర్చు నేను రాస్తున్నాను. మొదటి పంట అయిపోయింది, రెండోది నడుస్తోంది.

లెక్క చదివే ముందు మూడు సంగతులు.

1. డబ్బు అంకెలు రాయలేదు, ధరలు చోటును బట్టి, కాలాన్ని బట్టి మారిపోతాయి. గట్టు మీద కిలో చేపకు వచ్చే ధరను 1గా పెట్టుకుని ప్రతి ఖర్చునూ దాంతో భాగించాను. దీన్ని చే.కి. అని రాస్తాను. సున్నానికి 2 చే.కి. అంటే రెండు కిలోల చేప అమ్మితే వచ్చే డబ్బు సున్నానికి పోయిందని.
2. ఇంటివాళ్ళ శ్రమ ఈ ఖర్చులో కలపలేదు. గంటల్లో విడిగా రాశాను. 8 గంటల కూలి 4 చే.కి.తో సమానం, అంటే గంటకు అరకిలో చేప.
3. ఇంట్లో తిన్న చేపను అమ్మకంలో కలపలేదు.

దశ 1: నీళ్ళు నిలవలేదు

నింపిన నీళ్ళు కళ్ళముందే తగ్గిపోతున్నాయి. ఎండకు ఆవిరవుతోందా, ఇంకుతోందా తేల్చుకోకుండా మట్టి తోలిస్తే డబ్బు దండగ. అందుకని బక్కెట్ పరీక్ష చేశాం.

1. బక్కెట్‌లో అడుగున రాళ్ళు వేసి కుంటలో లోతు తక్కువ చోట నిలబెట్టాలి. అంచు నీటిపైకి ఉండాలి.
2. బక్కెట్ లోపల, బయట నీళ్ళు ఒకే మట్టంలో ఉండేలా పోసి గీత పెట్టాలి. పక్కనే ఒక కర్ర పాతి దానిమీదా గీత పెట్టాలి.
3. మర్నాడు అదే వేళకు రెండు గీతల నుంచీ ఎంత తగ్గిందో కొలవాలి.
4. బక్కెట్‌లో తగ్గింది ఆవిరి. కుంటలో అంతకంటే ఎక్కువ తగ్గిందంతా ఇంకుడు.

మాకు బక్కెట్‌లో 6 మిల్లీమీటర్లు, కుంటలో 31 మిల్లీమీటర్లు తగ్గింది. ఇంకుడు 25. చిన్న అంకెలాగే కనిపిస్తుంది గానీ 400 చదరపు మీటర్ల మీద అది రోజుకు 10,000 లీటర్లు. ఆ లోటు మోటారు పెట్టి పూడ్చాలంటే చేప మీద వచ్చేదంతా ఇంజను తాగేస్తుంది.

నీళ్ళు తీసేసి చూస్తే తూర్పు గట్టులో ఎండ్రకాయ బొక్కలు కనిపించాయి. ఒకచోట ఎప్పుడో నరికేసిన చెట్టు వేళ్ళు కుళ్ళి గట్టులో సొరంగంలా అయింది. పైపైన మట్టి మెత్తితే ఆగలేదు, రెండో రోజుకే మళ్ళీ చెమ్మ. గట్టును ఆ మేరకు నిలువునా కోసి, వేళ్ళు పీకి, మధ్యలో బంకమట్టిని పొరలుపొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాక గానీ ఆగలేదు. అడుగుభాగాన్ని వరిమడిలా దమ్ము చేసి పేడనీళ్ళు కలిపి తొక్కాం. మళ్ళీ పరీక్షిస్తే కుంటలో 11, బక్కెట్‌లో 6. ఇంకుడు 5 మిల్లీమీటర్లు, రోజుకు 2,000 లీటర్లు. అంతకంటే తగ్గించాలని చూడలేదు, వాన పడితే ఆ మాత్రం సరిపోతుంది.

బంకమట్టి తోలకం 12.0, నీళ్ళు తోడిన ఇంజను అద్దె 3.0.
ఇప్పటిదాకా ఖర్చు: 15.0 చే.కి. శ్రమ: 72 గంటలు.

దశ 2: సున్నం, ఎండబెట్టడం

అడుగు మట్టి పీహెచ్ కాగితంతో చూస్తే 6.3 వచ్చింది, అంటే పులుపు. పులుపు మట్టిలో పేడ వేసినా నీళ్ళు పచ్చబడవు. 20 కిలోల సున్నం చల్లాం, హెక్టారుకు 500 కిలోల లెక్క. కాల్చిన సున్నం కాబట్టి గాలికి ఎదురుగా నిలబడి చల్లకూడదు, కళ్ళు మండిపోతాయి. రెండు వారాల తర్వాత నీటి పీహెచ్ 7.8.

పాత కుంటల్లో మనం వేయని, మన పిల్లలను తినే అడవి చేప ఉంటుంది. దాన్ని వదిలించడానికి పైసా ఖర్చులేని పద్ధతి ఎండబెట్టడం. అడుగు నెర్రెలిచ్చేదాకా ఆరబెట్టాం, వాయవ్యం మూల తప్ప. అక్కడ చిన్న మడుగు మిగిలింది, ఇంజను గొట్టం అందలేదు. 30 చదరపు మీటర్లు, జానెడు నీళ్ళు. దాని సంగతి కింద వస్తుంది.

సున్నం 2.0, పీహెచ్ కాగితాలు 0.5.
ఇప్పటిదాకా: 17.5 చే.కి.

దశ 3: చౌక పిల్లలు, ఖరీదు పిల్లలు

మేం పెంచే బొచ్చె (కట్ల), రాగండి (రోహు), మోసు (మృగాల) మూడూ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. ప్రతి పంటకూ పిల్లలు కొనాల్సిందే. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి ఈ రకం చేపల చేత గుడ్లు పెట్టించేదాకా ఎక్కువగా నదిలో వరదప్పుడు పట్టిన పిల్లలే దిక్కు. వాటిలో ఏది మన చేపో, ఏది మన చేపను తినే చేపో పెరిగాక గానీ తెలిసేది కాదు. ఇప్పుడా తిప్పలు లేవు గానీ, పిల్ల సైజు దగ్గర లెక్క తేడా కొడుతుంది. కుంటలోనే పిల్లలు పెట్టే తిలాపియా ఉండగా కొనడం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. అది మరీ ఎక్కువ పెట్టేస్తుంది. ఆ గుంపుకు మేత చాలక ఏదీ అమ్మే సైజుకు రాదు.

మొదట 4 సెంటీమీటర్ల పిల్లలు 400 వదిలాం. పిల్లకు 6 గ్రాముల చేప ఖరీదు. పిల్లలకు 2.4, రవాణాకు 1.1.

నెలన్నర తర్వాత వల లాగితే వలలో నాచే ఎక్కువ. ఎన్ని మిగిలాయో ఊహించడం కన్నా లెక్కపెట్టడం మేలని గుర్తు పెట్టి వదిలే పద్ధతి చేశాం.

1. వలకు దొరికినవాటిని (మాకు 30) బక్కెట్‌లో ఉంచి, తోక రెక్క పై అంచు కత్తెరతో ఇసుమంత కత్తిరించి వదలాలి.
2. మూడు రోజులాగి, కుంటంతా తిరిగేలా మళ్ళీ వల లాగాలి.
3. ఈసారి ఎన్ని దొరికాయి (32), వాటిలో గుర్తున్నవి ఎన్ని (15) రాసుకోవాలి.
4. 30ని 32తో గుణించి 15తో భాగించాలి.

వచ్చింది 64. అంటే 400లో 336 గల్లంతు. రెండోసారి లాగినప్పుడు ఒక కొరమీను కూడా పడింది. దాని పొట్ట కోస్తే ఏం జరిగిందో తెలిసిపోయింది, రెండు రాగండి పిల్లలు ఇంకా అరగలేదు. వాయవ్యం మూల మడుగు! కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, నీళ్ళు అడుగంటినా బురదలో పడి బతుకుతుంది. ఆ మడుగులో ఉన్న నీళ్ళు 6 ఘనపు మీటర్లు. ఎండబెట్టడం కుదరని చోట బ్లీచింగ్ పౌడర్ మోతాదు మీటరు లోతు నీటికి హెక్టారుకు 350 కిలోలు. ఆ లెక్కన మా మడుగుకు 210 గ్రాములు సరిపోయేది. పాకెట్ కొత్తదై ఉండాలి, మూత తీసి ఉంచితే క్లోరిన్ పోతుంది. వేశాక పిల్లలు వదలడానికి కనీసం వారం, పది రోజులు ఆగాలి.

అప్పటికే లోపల మన పిల్లలు ఉన్నాయి కాబట్టి మందు వేసే దారి లేదు. బావ సాయంత్రాలు గాలాలు కట్టాడు. అన్నీ కలిపి ఐదు కొరమీనులు, 3.2 కిలోలు. ఆ చేపకు మా చేపకు రెట్టింపు ధర, 6.4 చే.కి. వచ్చింది. తిన్న పిల్లల ఖరీదు కన్నా ఎక్కువే ఇచ్చి పోయాయి! పోయింది కాలం మాత్రమే. అయితే వాన నీటి కుంటకు కాలమే అసలు పెట్టుబడి.

రెండోసారి 10–12 సెంటీమీటర్ల పిల్లలు 240 తెచ్చాం: బొచ్చె 72, రాగండి 96, మోసు 72. పిల్లకు 32 గ్రాముల చేప, చిన్నదానికి ఐదు రెట్లకు పైనే. రవాణాతో కలిపి 9.0. సంచులను విప్పకుండా ఇరవై నిమిషాలు కుంట నీటిపై తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెం కుంట నీళ్ళు పోసి వదిలాం.

రవాణా కలిపి, చివరికి బతికి ఉన్న పిల్ల మీద లెక్క వేస్తే:
చిన్న పిల్ల: 3.5 ÷ 64, అంటే 55 గ్రాముల చేప.
పెద్ద పిల్ల: నూటికి ఎనభై బతికితే 9.0 ÷ 192, అంటే 47 గ్రాములు.

ఇప్పటిదాకా ఖర్చు: 30.0. రాబడి: 6.4. కుంటలో చేపలు: 304.

దశ 4: మేత

ఖర్చులో సగానికి పైన పోయింది ఇక్కడే, రాయాల్సింది కూడా ఇక్కడే ఎక్కువ.

మేత అంటే మూడు వంతుల తవుడు, ఒక వంతు వేరుశనగ చెక్క. కలిపిన మేత కిలో 0.21 చే.కి. పడింది. అంటే కిలో చేప పెరగడానికి నాలుగుముప్పావు కిలోలకు పైగా మేత పడితే ఎంత బాగా పెరిగినా నష్టమే. గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఇదొక్కటే. ఎవరి ధరలతో వాళ్ళు ఈ భాగహారం ముందే చేసుకోవాలి.

మొదటి రెండు నెలలు రోజుకు కిలో చొప్పున చల్లాం. చుట్టుపక్కల అందరూ చెప్పేది అదే: 'ఈ సైజు కుంటకు రోజుకో కిలో'. మేత కుంట సైజును బట్టి కాదు, లోపలున్న చేప బరువును బట్టి వేయాలి. వదిలిననాడు 304 పిల్లల బరువు మొత్తం 5 కిలోలు. దానికి రోజుకు కిలో మేతంటే బరువులో ఐదో వంతు. తిన్నది తిని మిగిలింది అడుగున కుళ్ళింది, అడుగు బురద చేత్తో తీస్తే పులిసిన చెక్క వాసన.

రెండు నెలలకు 60 కిలోల మేత, చేప బరువు 5 నుంచి 20 కిలోలకు. పెరుగుదల 15, కిలోకు 4 కిలోల మేత. పైన చెప్పిన హద్దుకు ఆనుకుని ఉన్నాం.

మార్చినవి:

1. సంచి మేత. పాత ప్లాస్టిక్ గోనె సంచులు మూడు, అడుగున రెండు వరసల్లో చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు. వెదురు కర్రలు పాతి, సంచి అడుగు నీళ్ళలో ఉండేలా కట్టాం. చేప వచ్చి రంధ్రాల దగ్గర పొడుచుకుని తింటుంది. మూడో రోజుకే అలవాటు పడ్డాయి.
2. రెండు గంటల తర్వాత సంచి ఎత్తి చూడటం. మిగిలితే మర్నాడు ఆ మేరకు తగ్గింపు. ఖాళీ అయితే పావుకిలో పెంపు, అంతకు మించి కాదు.
3. పదిహేను రోజులకోసారి తూకం. విసురువలతో ఇరవై చేపలు పట్టి వలసంచిలో వేసి వేలాడే కాటాకు తగిలించాలి. తడి వలసంచి బరువు ముందే చూసి తీసేయాలి, అది చిన్న బరువేం కాదు. సగటును అంచనా సంఖ్యతో గుణిస్తే కుంటలో ఉన్న చేప బరువు.
4. మేత: చేప బరువులో మొదట నూటికి 4, వంద గ్రాములు దాటాక 2, తర్వాత ఒకటిన్నర.

తూకంలో చిన్న మోసం ఉంది. సంచి దగ్గరే వల వేస్తే పెద్ద చేపలే పడతాయి, సగటు పెరిగిపోతుంది, మేత ఎక్కువ పడుతుంది. అవతలి గట్టున కూడా రెండుసార్లు వేసి కలిపి తూచడం మొదలుపెట్టాక సగటు 190 గ్రాముల నుంచి 165కి దిగింది.

ఆ తర్వాత పట్టుబడి అయ్యేదాకా 200 కిలోల మేతకు దాదాపు 110 కిలోల పెరుగుదల. కిలోకు 1.8. ఇందులో మేత ప్రతాపమే కాదు, పేడ వల్ల నీళ్ళలో పెరిగిన ప్లాంక్టన్ (నీళ్ళను పచ్చబరిచే, కంటికి కనబడనంత చిన్న జీవులు) వాటా కూడా ఉంది. బొచ్చె ముఖ్యంగా దాని మీదే పెరుగుతుంది.

మేత మొదటి విడత 12.6, సంచులు, వెదుర్లు, తాళ్ళు 1.4, రెండో విడత 42.0.
ఇప్పటిదాకా: 86.0 చే.కి.

ఆ 42లో 25 చే.కి. విలువైన మేత అరువు. ఆ సంగతి దశ 6లో.

దశ 5: చేపలు తేలిన రోజు

పేడ ఇంటిదే, ఖర్చు లేదు. హెక్టారుకు ఏడాదికి 10 టన్నుల లెక్కన మా కుంటకు 400 కిలోలు, పదిహేను రోజులకోసారి 17 కిలోలు. నీళ్ళు ఎంత పచ్చగా ఉన్నాయో చూడటానికి పెయింట్ డబ్బా మూతకు నలుపు, తెలుపు పావులుగా రంగు వేసి, మధ్యలో తాడు కట్టి, తాడుకు ఐదేసి సెంటీమీటర్లకు ముడులు వేశాం. నీళ్ళలోకి దించితే మూత కనబడకుండా పోయే లోతు మన కొలత. మూత లేకపోతే మోచెయ్యి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనబడుతోందా లేదా చూసినా సుమారు తెలుస్తుంది.

వరసగా మబ్బు పట్టిన రోజులు అవి. మూత 14 సెంటీమీటర్లకే మాయమవుతోంది. పేడ మాత్రం వాయిదా తప్పకుండా పడింది. ఇంకా తెల్లవారకముందే అక్క ఫోన్ చేసింది: "తమ్ముడూ, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయిరా. గట్టు మీద మనిషి నిలబడినా కదలట్లేదు."

వెళ్ళి చూస్తే అలాగే ఉంది. టార్చి వేస్తే నీటిమట్టం మీద మూతులే మూతులు, చప్పుడు చేసినా లోపలికి దూకట్లేదు. అడిగి తెచ్చి ఉంచుకున్న ఆక్సిజన్ కిట్‌తో చూస్తే లీటరుకు 1.6 మిల్లీగ్రాములు. ఎండ కాసిన మధ్యాహ్నాల్లో ఇదే కుంటలో 11 చూశాం. పగలు ఆక్సిజన్ ఇచ్చే పచ్చటి ప్లాంక్టన్ రాత్రి తనే వాడుకుంటుంది, కుళ్ళే పేడ, మేత కూడా వాడుకుంటాయి. ఎండ లేకపోతే పగలు జమ తక్కువ, రాత్రి ఖర్చు మామూలే. తెల్లవారుజాముకు ఖాతా ఖాళీ.

ఇంజను పెట్టి కుంట నీళ్ళనే తోడి, గొట్టం మూతికి చిల్లుల రేకు కట్టి, ఎత్తు నుంచి జల్లులా పడేలా చేశాం. గంటకు కిట్ 2.8 చూపించింది. ఎండొచ్చాక చేప లోపలికి దిగింది. 27 చచ్చాయి, తూస్తే 8.4 కిలోలు. అన్నీ పెద్దవే, పెద్ద చేపలే ముందు పోతాయి. అమ్మకుండా పూడ్చిపెట్టాం.

అప్పటినుంచి రోజూ పొద్దున చేసేది:

1. మూత 25–35 మధ్య మాయమైతే అంతా మామూలే.
2. 20 లోపు అయితే పేడా మేతా రెండూ బంద్.
3. 45 దాటినా కనబడుతుంటే పేడ వేయాలి.
4. మబ్బు పట్టిన రోజు మూతతో పని లేకుండా మేత సగమే.

మేత ఆపిన రోజుల్లో చేప బక్కచిక్కుతుందని అత్తయ్య భయం. తూకంలో ఆ తేడా ఎక్కడా కనబడలేదు.

చేప పేను ఒకసారి వచ్చింది, చేపలు వెదుర్లకు ఒళ్ళు రుద్దుకుంటుంటే తెలిసింది. అది గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది కాబట్టి వెదుర్లను వారానికోసారి పీకి ఎండబెట్టి మళ్ళీ పాతాం, తగ్గింది. నీటికాకులకు కుంట మీద అడ్డంగా తాళ్ళు కట్టాం. కొంత ఆగాయి, కొన్ని తాళ్ళ మీదే కూర్చున్నాయి.

ఇంజను నూనె, మొత్తం పంటకు: 7.0.
ఇప్పటిదాకా: 93.0 చే.కి.

దశ 6: అమ్మకం

మొత్తం పట్టుబడి 232 చేపలు, 122 కిలోలు. 304లో చచ్చినవి 27 పోగా 45 చేపల లెక్క తేలలేదు.

గట్టు మీద అమ్మినవి: 64 కిలోలు × 1.0 = 64.0
వ్యాపారికి ఇచ్చినవి: 37 కిలోలు × 0.75 = 27.75
ఇంట్లో తిన్నవి: 21 కిలోలు
కొరమీను: 6.4

వలల అద్దె 4.0. మొత్తం నగదు ఖర్చు 97.0, నగదు రాబడి 98.15. మిగిలింది 1.15 చే.కి.

తిన్న 21 కిలోలకు ఎంత విలువ కట్టాలో అక్కకూ నాకూ కుదరలేదు. అంతా అమ్మకం ధరకే కడితే మిగులు 22.15. కానీ కుంట లేకపోతే ఈ ఇల్లు 21 కిలోలు కొనేది కాదు, అక్క అంచనా ప్రకారం 8 కిలోలు కొనేది. అలా చూస్తే నిజంగా ఆదా అయిన డబ్బు 8, మిగులు 9.15. మిగతా 13 కిలోలు పిల్లల పళ్ళెంలోకి అదనంగా వచ్చిన తిండి. దాన్ని డబ్బుగా చూపిస్తే అప్పు తీర్చడానికి పనికిరాదు, చూపించకపోతే అసలు కుంట ఎందుకో అర్థం కాదు. అందుకే విడిగా రాస్తున్నాను.

శ్రమ మొత్తం 312 గంటలు: గట్టు పని 72, రోజువారీ 180, వలలు, అమ్మకం 60. మిగులు 22.15ని దాంతో భాగిస్తే గంటకు 71 గ్రాముల చేప. కూలికి వెళ్తే గంటకు 500 గ్రాములు. ఈ అంకె చూపిస్తే అక్క అంది: "లెక్క బాగానే ఉందిరా. పొద్దున ఆరింటికి ముప్పావు గంట కోసం నన్ను కూలికి పిలిచేదెవరు?" నిజమే. కానీ గట్టు పనికి బావ కూలి మానుకున్న రోజులున్నాయి, ఆ 72 గంటలకు ఈ మాట వర్తించదు. కూలి మానుకుని కుంట తవ్వించాలనుకునేవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇక అరువు మేత. డబ్బు రాకముందే మేత డబ్బు అయిపోయింది, అప్పటికి చేప సగటు 200 గ్రాములు. వ్యాపారి 25 చే.కి. విలువైన మేత విడతలుగా ఇచ్చాడు. వడ్డీ లేదు, అప్పుకు సరిపడా చేప తనకే అమ్మాలన్నది ఒక్కటే షరతు. చివర్లో తరుగు పోను కిలోకు 0.75 కట్టి, 37 కిలోలు తీసుకుని, అప్పు పోగా 2.75 చేతికిచ్చాడు. అదే చేప గట్టు మీద 1.0. తేడా కిలోకు 0.25, మొత్తం 9.25. అంటే 25 అప్పు మీద మూడు నెలలు తిరక్కుండా 37 శాతం. నెలకు నూటికి పన్నెండు పైన పడింది. బయట వడ్డీకి తెచ్చి మేత కొన్నా ఇంతకంటే చౌకగా పోయేది.

ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, చేప చస్తే ఆ అప్పు మునిగేది ఆయనే. మా కుంట లోపం వేరే ఉంది: డబ్బంతా ముందు పోతుంది, రాబడంతా చివర వస్తుంది. కొరమీను, ఆక్సిజన్ కలిపి చేసిన నష్టం పక్కన ఈ 9.25ని పెట్టి చూశాక రెండో పంటలో ముందు మార్చాల్సింది చేపను కాదు, తేదీలను అని తేలింది.

గట్టు అమ్మకం గురించి ఒక మాట. ముందురోజు నలుగురికీ చెప్పి, 6–8 కిలోలే పడితే గంటలో అయిపోతాయి. ఒకసారి 15 కిలోలు పట్టాం. మధ్యాహ్నానికి ఐదు కిలోలు మిగిలితే ధర తగ్గించి ఇవ్వాల్సి వచ్చింది. నీళ్ళలో ఉన్న చేపకు మేత తప్ప ఖర్చు లేదు, గట్టెక్కిన చేపకు గంట గంటకూ ధర పడిపోతుంది.

దశ 7: రెండో పంట, ఇప్పటిదాకా

మార్పు 1: పిల్లలను మేమే పెంచాం. చివరి పట్టుబడి ఇంకా నడుస్తుండగానే కుంటలో ఒక మూల దోమతెర గుడ్డతో 3 × 2 మీటర్ల తొట్టి కట్టాం, మీటరు లోతు. అందులో 4 సెంటీమీటర్ల పిల్లలు 600. మెత్తగా జల్లించిన తవుడు, చెక్క పొడి మేత. రెండు నెలలకు 372 మిగిలాయి, 9–10 సెంటీమీటర్లు. నూటికి 62. ఇంకా మిగిలేవి, ఎండ్రకాయ ఒక అంచు కొరికి బెత్తెడు చిల్లి చేసింది. ఇప్పుడు గుడ్డ అడుగు అంచు నేలకు ఆనకుండా రెండు జానల పైకి కట్టాం. ఇంకో ఇబ్బంది నాచు. మూడు నాలుగు రోజులకోసారి బ్రష్‌తో రుద్దకపోతే కళ్ళు మూసుకుపోయి లోపల నీళ్ళు మారవు.

పిల్లలు 3.6, రవాణా 1.1, పొడి మేత 0.9, తొట్టి 5.0 (మూడు పంటలకు వస్తుందని అంచనా). తొట్టిలో మూడో వంతే వేసుకుంటే పిల్లకు 20 గ్రాముల చేప. కొన్న పెద్ద పిల్లకు రవాణాతో 37.5 పడింది. కుంటలో 300 వదిలి, మిగిలిన 72 పక్క కుంటవాళ్ళకు అమ్మితే 2.2 వచ్చింది. పిల్లలు వదిలే ముందు వాయవ్యం మూల వల లాగి, రాత్రుళ్ళు గాలాలు కట్టాం. ఒక్క కొరమీను పడింది.

మార్పు 2: చివరి అమ్మకాల్లోంచి 24 చే.కి. తీసి అక్క ఒక డబ్బాలో విడిగా పెట్టింది. కుంట డబ్బు అంటే ఆ డబ్బాయే. అరువు మేత లేదు.

మార్పు 3: పెద్ద చేప కోసం ఆగకుండా ముందే కొద్దికొద్దిగా తీయడం. చిన్న చేపకు కిలోకు 0.9 వస్తుంది. ఆ 0.1 పోతే పోనీ, అరువు మేతకు పోయిన 0.25 కన్నా తక్కువే.

డబ్బా లెక్క: తొట్టి, పిల్లలు, రవాణా, పొడి మేత 10.6, సున్నం 10 కిలోలకు 1.0, అమ్మిన పిల్లలు 2.2 తీసేస్తే 9.4. తర్వాత మేత 58 కిలోలు, 12.2.
ఇప్పటిదాకా పోయింది: 21.6. డబ్బాలో ఉన్నది: 2.4.

నిన్నటి తూకం: సగటు 150 గ్రాములు. 280 ఉన్నాయనుకుంటే 42 కిలోలు. కిలో పెరుగుదలకు మేత 1.5. మూత 29 సెంటీమీటర్ల దగ్గర మాయమవుతోంది.

2.4కు 11 కిలోల మేత వస్తుంది, ఇప్పుడు వేస్తున్న లెక్కకు పదమూడు రోజులు. అందుకని ఎల్లుండి విసురువలతో 200 గ్రాములు దాటిన బొచ్చెలు మాత్రం 5 కిలోలు తీస్తున్నాం, ఎనిమిది ఇళ్ళకు చెప్పి ఉంచాం. 4.5 వస్తే మరో 21 కిలోల మేత. బొచ్చెలు తగ్గితే నీళ్ళు ఇంకా పచ్చబడతాయేమోనని అనుమానం ఉంది. పట్టిన మర్నాటి నుంచి వారంపాటు మూత కొలత రెండు పూటలా రాస్తాను.